సీటు కింద కత్తి

బోధన్‌లో నాది కార్ల సీటు కవర్ల షాపు. కవర్లు, కాళ్ల కింద మ్యాట్లు, స్టీరింగ్ తొడుగులు, అద్దం దగ్గర వేలాడే దేవుళ్లు అన్నీ అమ్ముతాను. జనం బేరం ఆడకుండా కొనే సరుకు మాత్రం ఒక్కటే, బొటనవేలంత ఇనుప క్లిప్పు. సీటు బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్ కుయ్‌మని మొత్తుకుంటుంది కదా, బెల్టు దూర్చే చోట ఈ క్లిప్పు దూరిస్తే నోరు మూసుకుంటుంది.

బెల్టు ఎందుకు పెట్టుకోరంటే ఒక్కొక్కరిది ఒక్కో బాధ. ఒకాయనకు చొక్కా ఇస్త్రీ చెడుతుంది. ఇంకొకాయనకు పొట్ట అడ్డం. ఒక పెద్దమనిషి అయితే, పక్క సీట్లో కూర్చున్న బావమరిది బెల్టు లాగాడని, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా అంటూ నెల రోజులు అతనితో మాట్లాడలేదు. నిజామాబాద్ పోయేవాళ్లు ఊరి మొదట్లో పోలీసులు కనబడగానే బెల్టును ఛాతీ మీదికి లాగి చేత్తో పట్టుకుంటారు. దాటగానే వదిలేస్తారు. చాలా ఏళ్లు నేనూ అట్లాగే పట్టుకున్నాను.

ఒకరోజు ఒక కారు ముందు సీట్ల కవర్లు మార్చమని వచ్చింది. అవి ఏడాది కింద నేనే వేసినవి, ఇంకా కొత్తగానే ఉన్నాయి. కారు తెచ్చింది యజమాని తమ్ముడు. పాతవి తీసి తగలబెట్టమన్నాడు, ఇంకేం చెప్పలేదు. మరకలు చూశాక నేనూ అడగలేదు. క్లిప్పు మాత్రం నేను పెట్టిన చోటే ఉంది. ఆ రోజు నుంచి నేను బెల్టు పెట్టుకుంటున్నాను. మరి క్లిప్పులు అమ్మడం మానేశావా అంటే, మానలేదు. నేను అమ్మకపోతే పక్క షాపులో కొంటారని నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గులేని మాటే.

తర్వాత మా నాన్నకు, బాపుకు, కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు నిజామాబాద్ తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. మా ఊరు బోధన్‌కు ఇవతల, కాలువ పక్కన. కారెక్కిన మొదటిరోజే బెల్టు పెట్టుకొమ్మన్నాను. బాపు బెల్టును పాము పిల్లను తోసినట్టు పక్కకు తోశాడు.

"ఆడ నాలుగు గంటలు మిషన్‌కు కట్టేస్తరు. తొవ్వల నువ్వు గూడ కట్టేస్తవారా?"

నాకు కోపం వచ్చింది. ఆ కవర్ల కారు కథ చెప్పాను. బాపు తన కథ చెప్పాడు. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక జీపు మా కాలువలో పడిందట. చెరుకు కొడుతున్న వాళ్లంతా కత్తులు చేన్లోనే పారేసి ఉరికారు. ముగ్గురిని బయటికి లాగారు. నాలుగో మనిషి మెడలో తువ్వాల లోపల ఎక్కడో చిక్కుకుంది, ఎంత గుంజినా రాలేదు. నీళ్ల కింద ఆ మనిషి చెయ్యి బాపు చేతిని పట్టుకునే ఉంది. అంతమందికి కత్తులున్నాయి, కానీ ఆ క్షణాన ఒక్కరి చేతిలోనూ లేదు. ఆ పట్టు ఎట్లా వదులైందో చెప్పబోయి బాపు ఆగిపోయాడు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. చెరుకు కొట్టే కత్తి గోనెపట్టాలో చుట్టి తన సీటు కింద పెట్టుకుంటాడు, అప్పుడు బెల్టు కట్టుకుంటాడు. కారెక్కగానే వంగి చేత్తో తడిమి చూసుకునేవాడు. తర్వాత నాకేసి తలూపేవాడు, నేను బెల్టు పెట్టేవాణ్ణి. మూడు నెలలు అట్లా నడిచింది. తర్వాత తడమడం కూడా మానేశాడు. నన్ను నమ్మాడు.

ఆ కత్తి తీసేసింది నేనే. చుట్టాలను ఎక్కించుకున్నప్పుడు ఒకరి కాలికి అది తగిలింది, కారులో కత్తేంటని నవ్వారు. నాకు చిన్నతనమనిపించింది. షాపుకు తీసుకుపోయి అటక మీద పెట్టాను. బాపుకు చెప్పలేదు. ఎప్పుడూ అవసరం రాని వస్తువే కదా అనుకున్నాను.

చెరుకు కొట్టే రోజులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గింది గానీ, ఉన్నదంతా దూరపు ఫ్యాక్టరీలకు ట్రాక్టర్ల మీద పోతుంది. మధ్యాహ్నం డయాలసిస్ అయ్యాక తిరిగి వస్తుంటే, కాలువ కట్ట మీద ఒక చెరుకు ట్రాక్టర్ టైరు పగిలి అడ్డంగా నిలబడింది. దాని పక్కనుంచి ఎట్లాగో పోదామని నేను ఎడమకు జరిగి ఇరుక్కున్నాను. వెనక ఇంకో ట్రాక్టర్ వచ్చి ఆగింది. బాపు వైపు తలుపు తీస్తే కాలు పెట్టడానికి నేల లేదు, నిండుగా పారుతున్న నీళ్లే.

బాపు ఆ నీళ్లు చూశాడు. బెల్టు ఇప్పమన్నాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. మళ్లీ అడిగాడు. ఇప్పితే తలుపు తీస్తాడని నాకు భయం పట్టుకుంది. ఎడమ చేత్తో బెల్టు ఎర్ర బొత్తాన్ని కప్పేశాను. బాపు రెండు చేతులతో నా వేళ్లు పీకాడు. సూదులు గుచ్చి తీసిన చేతుల్లో బలం ఎక్కడిది? ముందుకు గుంజుకున్నాడు, బెల్టు ఇంకా బిగిసింది. నేనేమో, చిన్నపిల్లల్లెక్క చేస్తున్నవేంది బాపూ అని కసిరాను.

అప్పుడు చెయ్యి సీటు కిందికి పోనిచ్చాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"కత్తి తీసినవా?"

గొంతు పెంచలేదు. నేను బెల్టు ఇప్పేశాను. అది సర్రున వెనక్కి పోయింది. కానీ బాపు కదల్లేదు. తలుపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. టైరు మార్చి ట్రాక్టర్ పక్కకు తీసేదాకా కట్టేసినవాడిలాగే కూర్చున్నాడు. కట్టేసింది నేను. ఆ గంట నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి మొహం చెల్లలేదు.

మూడు రోజులు గడిచాయి. మళ్లీ నిజామాబాద్ పోయే రోజు, నేను కత్తిని అదే గోనెపట్టాలో చుట్టి ఆయన సీటు కింద పెట్టి, చూపించాను. బాపు చూశాడు. బెల్టు మాత్రం పెట్టుకోనన్నాడు. బతిమాలాను. వినలేదు. ఇక కారు మొత్తుకోవడం మొదలుపెడుతుందని, నా షాపు క్లిప్పు నా జేబులోంచే తీసి, ఆయన పక్కన నా చేత్తోనే దూర్చాను. ఎంతమందికి అమ్మానో, ఒక్కసారీ నా చెయ్యి ఇంత బరువెక్కలేదు.

బాపు వంగి సీటు కింది కత్తి తీశాడు. మెల్లగా కారు దిగాడు. ఉబ్బిన కాళ్లతో, బానెట్ పట్టుకుంటూ కారు ముందు నుంచి నా వైపు వచ్చి, నా తలుపు తెరిచాడు. కత్తిని నా తలుపు జేబులో పెట్టి, నా చేతికి అందుతుందో లేదో చూసుకున్నాడు.

"కట్టుకునేటోనివి నువ్వు. నీ కాడనే ఉండాలె."

తిరిగి అంతదూరం నడిచి తన సీట్లో కూర్చున్నాడు. నేను నా బెల్టు లాగాను. దూర్చే చోటు రెండుసార్లు తప్పింది. కారు కుయ్ కుయ్‌మంటూనే ఉంది. బాపు ముందుకే చూస్తూ, జల్ది పెట్టుకో, మిషన్‌కు టైమయితుంది అన్నాడు.