హీరోయిన్ గారి తెలుగు

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో కనబడిందల్లా నిజమేనని నమ్మేవాళ్ళు చాలామంది ఉండేవారు. నమ్మించడానికి జీతం తీసుకునే మాలాంటి వాళ్ళం మాత్రం అప్పుడప్పుడే తయారవుతున్నాం. ఇన్‌ఫ్లుయెన్సర్ అనే మాట ఇంకా మా చెవిన పడలేదు. బ్లాగంటే ఏమిటని మా నాన్న అడిగితే, "డైరీ లాంటిది నాన్నా, కాకపోతే అందరూ చదువుతారు" అని చెప్పాను. "అందరూ చదివేదాన్ని డైరీ అని ఎందుకంటార్రా?" అన్నారాయన.

సివిల్స్ రాద్దామని ఢిల్లీ వచ్చి కరోల్ బాగ్‌లో ఒక ఇరుకు గదిలో చేరాను. ప్రిలిమ్స్ నన్ను గుమ్మం దగ్గరనుంచే పంపించేస్తూ వచ్చింది. ఊరికి వెళ్ళి మొహం చూపించలేక సాకేత్‌లో కంపెనీలకు ప్రచారం చేసిపెట్టే ఒక పీఆర్ ఆఫీసులో ఉద్యోగానికి కుదిరాను. అక్కడ తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. (అందరూ ప్రేమగా 'మద్రాసీ' అనేవారు. మా ఊరికీ మద్రాసుకీ చాలా దూరమని చెబితే "అచ్ఛా!" అని ఆశ్చర్యపోయి, మళ్ళీ మద్రాసీ అనేవారు.) అప్పుడే ఒక తలనూనె కంపెనీ తన ప్రకటనలకు ఒక హీరోయిన్‌ను పెట్టుకుంది. ఆవిడ ఢిల్లీలో పుట్టి పెరిగిన పంజాబీ అమ్మాయి, పేరు తెచ్చుకున్నది మాత్రం తెలుగు సినిమాల్లో. నూనె తెలుగువాళ్ళకి అమ్మాలి గనుక ఆవిడ తెలుగులో బ్లాగు రాయాలని కంపెనీ వారి ఆలోచన. ఆవిడకు తెలుగు ముక్క రాదన్న సంగతి ఎవరికీ అడ్డంకిగా తోచలేదు. మా బాస్ మేడమ్ నా భుజం తట్టి, "తూ హై నా! దిల్ సే లిఖ్!" అంది.

నువ్వున్నావుగా, మనసుపెట్టి రాయమంది కదా అని అలాగే రాశాను. చిక్కేమిటంటే, నా మనసులో ఉన్నదంతా మా గోదావరి జిల్లా సరుకే. దాంతో ఆ పంజాబీ పిల్ల కొత్తావకాయ కలిపిన జాడీలో చివర్లో వేడన్నం కలుపుకుని తినడం గురించి రాసింది. ఆదివారం పూట అమ్మమ్మ తలంటుతుంటే కుంకుడురసం కళ్ళల్లో పడి వీధంతా వినబడేలా ఏడవడం గురించి రాసింది. చివర్లో ఎలాగో ఒకలా నూనె పేరు దూర్చేవాణ్ణి. పంజాబీ వాళ్ళింట్లో కుంకుడుకాయలు ఎవరు కొట్టారని ఒక్కరూ అడగలేదు. పైగా "నీ తెలుగు బంగారం తల్లీ" అని కామెంట్లు. చదువుకుని పొంగిపోయేవాణ్ణి. ప్రతి కామెంటుకూ హీరోయిన్ జవాబివ్వాలని కంపెనీ షరతు. బ్లాగు ఎవరు రాస్తున్నారో బయట చెప్పకూడదన్నది ఇంకో షరతు.

మా అమ్మ చెల్లెలు ఆర్కే పురంలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేది. బాబాయి ఏదో మంత్రిత్వ శాఖలో పని చేసేవారు. ఆదివారం భోజనం నాకు వాళ్ళింట్లోనే. వాళ్ళకి తొమ్మిదో తరగతి చదివే కూతురుంది. తెలుగు శుభ్రంగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది. "పెరుగు వెయ్యనా అమ్మా?" అని పిన్ని అడిగితే "థోడా సా, మమ్మీ" అంటుంది. కన్నకూతురితో నోరారా మాట్లాడుకోలేకపోతున్నానని పిన్నికి పెద్ద దిగులు. ఒక ఆదివారం వడ్డిస్తూ వడ్డిస్తూ కూతురి మీద విరుచుకుపడింది.

"ఆ హీరోయిన్ బ్లాగు చూడవే! పంజాబీ పిల్ల, అచ్చం మన ఊరి తెలుగు రాస్తోంది. తెలుగింట పుట్టిన దానివి, నీకేమొచ్చింది రోగం?"

"సినిమాలో ఆమెకు డబ్బింగే కదా" అన్నారు బాబాయి.

"సినిమాలో డబ్బింగైతేనేం? బ్లాగు తనే రాస్తుందిగా!"

నేను తలొంచుకుని, "పప్పు బావుంది పిన్నీ" అన్నాను.

ఆ వారమే 'ఢిల్లీ ఆంటీ' అనే పేరుతో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కామెంట్లు మొదలయ్యాయి. మొదట జుట్టు రాలడం గురించి, తరువాత కూతురి గురించి. "దానితో ఒక్కసారి కడుపునిండా తెలుగు మాట్లాడాలని ఉందమ్మా. నీతో రాసుకుంటుంటే కూతురితో మాట్లాడినట్టే ఉంది" అని రాసింది. ఎవరో పోల్చుకోవడానికి నాకు ఇంకో కామెంటు దాకా పట్టింది. "మా అక్క కొడుకొకడున్నాడు. కలెక్టరవుతాడనుకున్నాం, సాకేత్‌లో గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నాడు" అని అందులో ఉంది. నేను హీరోయిన్‌నై, "అలాంటి కుర్రాళ్ళే పైకొస్తారు ఆంటీ. ఆదివారాలు కాస్త మంచి భోజనం పెట్టి చూడండి" అని జవాబిచ్చాను. ఆ ఆదివారం గుత్తివంకాయ చేసింది. సిగ్గులేకుండా రెండోసారి వడ్డించుకున్నాను.

కూతురి గురించి రాసినప్పుడు మాత్రం నిజంగా జాలేసింది. "తిట్టకండి ఆంటీ. నన్ను కలిసినప్పుడు తెలుగులో మాట్లాడితే చాలా సంతోషిస్తానని చెల్లికి చెప్పండి" అని రాశాను. ఆ పిల్ల దాన్ని పట్టుకుంది. "భయ్యా, మీ అభిమానిని అంటారా, మీకు అభిమానిని అంటారా?" అని నన్నే అడిగేది. అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకునేది. పిన్ని వంటింట్లోంచి చప్పుడు చెయ్యకుండా వినేది.

అంతలో నూనె కొత్త సీసా విడుదలకు హీరోయిన్ సాకేత్ మాల్‌కి వస్తోందని, బ్లాగు చదివేవాళ్ళందరినీ పిలవమని బాస్ మేడమ్ చెప్పింది. పిలుపు నా చేత్తోనే రాశాను. వెంటనే పిన్నికి ఫోన్ చేసి, "రద్దీగా ఉంటుంది పిన్నీ, ఎండ కూడానూ, రాకు" అన్నాను.

"ఆ అమ్మాయి నోరారా రమ్మని రాసింది. వద్దనడానికి నువ్వెవడివిరా?" అంది పిన్ని.

ఇద్దరూ వచ్చారు. పిన్ని పట్టుచీర కట్టుకుంది. నేను బ్యానరు వెనక నిలబడ్డాను. (ఆరడుగుల బ్యానరు. నాలాంటివాడు దాక్కోవడానికి సరిపోతుంది.) వరసలో వాళ్ళ వంతు వచ్చింది. మా చెల్లెలు గొంతు సవరించుకుని, "అక్కా, నేను మీ అభిమానిని. మీ వల్లే నేను తెలుగు నేర్చుకుంటున్నాను" అంది, ఒక్క తప్పు లేకుండా.

హీరోయిన్ పాపం మంచిదే. చిరునవ్వుతో, "సారీ స్వీటీ, ముఝే తెలుగు నహీ ఆతీ" అంది.

"అదేంటమ్మా, బ్లాగులో..." అంది పిన్ని.

"కౌన్ సా బ్లాగ్?" అంది హీరోయిన్, ఏ బ్లాగో ఆవిడకే తెలియదు.

వరస ఆగిపోయింది. బాస్ మేడమ్ పరుగున వచ్చి, సాయం చేస్తున్నాననుకుని నన్ను మోచెయ్యి పట్టుకుని బయటికి లాగింది. "ఆంటీజీ, తెలుగు మే ఇస్సే బాత్ కీజియే. వో సబ్ యహీ లిఖ్తా హై" అని, అవన్నీ రాసేది నేనేనని చెప్పేసింది.

పిన్ని నన్ను చూసింది. తిడితే బాగుండేది. తను నాకు రాసినవన్నీ ఒకటొకటే గుర్తొస్తున్నాయి కాబోలు, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఇంక నేను తలెత్తలేకపోయాను. మాల్ నేల మీద పలకలు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు వినబడింది మా చెల్లెలి గొంతు.

"సిగ్గు లేదా అన్నయ్యా నీకు? అమ్మ తన బాధంతా చెప్పుకుంటుంటే చదువుతూ కూర్చున్నావా? మళ్ళీ మా ఇంటికొచ్చి అన్నం ఎలా తిన్నావు?"

ఎప్పుడూ 'భయ్యా' అనే పిల్ల. అందులో ఒక్క హిందీ ముక్క లేదు. ఇది నేను నేర్పింది కాదు, అద్దం ముందు అప్పజెప్పుకున్నదీ కాదు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా నేను నేలనే చూస్తున్నాను.

ఆ తరువాత చాలా ఆదివారాలు రోడ్డు పక్క ఛోలే కుల్చేతో సరిపెట్టుకున్నాను. చివరికి బాబాయే ఫోన్ చేసి రమ్మన్నారు. పిన్ని నా వంక చూడకుండానే అన్నం పెట్టింది. చెల్లెలు నన్ను దాటేసి తల్లితో, "అమ్మా, ఆయనగారికి చారు కావాలేమో కనుక్కో" అంది. ఆ పూటంతా తల్లీకూతుళ్ళు నా మీద వేసిన విసుర్లన్నీ తెలుగులోనే సాగాయి.

ఇప్పుడు నేనూ గుర్గావ్‌లో అలాంటి పీఆర్ దుకాణమే నడుపుతున్నాను. మనసులోంచి వచ్చినట్టు రాయడం ఎలాగో మా ఆఫీసు కుర్రాళ్ళు అడిగితే చెవులు వేడెక్కుతాయి. మొన్న చెల్లెలు ఇంటికొచ్చినప్పుడు ఆ మాల్ సంగతి వచ్చింది. ఆ రోజు పిన్ని అంతమందిలో ఏడ్చిందా అని ఇన్నేళ్ళకు ధైర్యం చేసి అడిగాను.

"ఏడ్చింది. నేను నిన్ను తిట్టడం మొదలెట్టాక ఏడుస్తూనే నవ్వింది కూడాను. నువ్వు చూడలేదా అన్నయ్యా?" అంది.

చూడలేదు. పిన్ని ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాటలు వస్తున్నప్పుడు నేను పలకల మీద గీతలు చూస్తున్నాను. ఆ తలొంచుకున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. కానీ వెళ్ళి గడ్డం పట్టుకుని, "ఒక్కసారి అటు చూడరా" అని చెప్పాలనిపిస్తుంది.