లోపలి జేబు

ఈ జూన్‌లో మా చెల్లెలి మనవరాలికి కొత్త స్కూలు యూనిఫారం తెచ్చారు. కవరు చించగానే గంజి వాసన, దాని వెనకే కొత్త నీలం గుడ్డ వాసన. నేను అనుకోకుండానే నా చెయ్యి స్కర్టు లోపలికి పోయింది. కుడివైపు, నడుంపట్టీకి నాలుగు వేళ్ల కింద వెతికింది. అక్కడేమీ లేదు. కొట్లో కొన్న స్కర్టుకు అక్కడ ఏమీ ఉండదని నాకు తెలుసు. అయినా, ఇన్నేళ్లయినా నా చెయ్యి ఆ చోటు వెతకడం మానలేదు.

నాకు కుట్టుపని నేర్పింది శాంతమ్మక్క. నంద్యాలలో చర్చి వెనక సందులో రెండు మిషన్ల షాపు ఆమెది. నేను ఆళ్లగడ్డ నుంచి ఉదయం ఏడున్నర బస్సుకు పోయేదాన్ని. పదకొండేళ్ల నాలుగు నెలలు ఆమె పక్క మిషను మీద కూర్చున్నాను. సన్నటి మనిషి. పెళ్లి గురించి, ఊరి గురించి అడిగితే నోట్లో గుండుసూదులు పెట్టుకునేది. ఇక జవాబు రాదని అర్థం. కొలతలు కాగితం మీద పెట్టదు. ఒకసారి టేపు చుట్టిన నడుము ఆమెకు పదేళ్లయినా గుర్తుంటుంది. కొలతల బుక్కు పెట్టింది నేను. నేను రాసిందీ ఆమె చెప్పిందీ తేడా వస్తే పిల్లను మళ్లీ పిలిపించి కొలిచేవాళ్లం. ప్రతిసారీ తప్పు నాదే.

"అర అంగుళం పోతే ఏమైతాది అక్కా?" అన్నాను ఒకసారి విసుగొచ్చి.

"పరిగెత్తేటప్పుడు తెలుస్తాది."

"స్కూలు పిల్లోళ్లు పరిగెత్తేది యాడికి?"

"యాడికైనా. విప్పు, మళ్లా కుట్టు."

ఆమెకు రెండు వింత అలవాట్లు ఉండేవి. ఒకటి, చెప్పులు విప్పకుండా అన్నం తినేది. "తినేముందు ప్రార్థన గూడా చెప్పులతోనేనా అక్కా?" అని నేను నవ్వితే, "దేవునికి నా కాళ్లతో ఏం పని? లేచి పోవాల్సొస్తే నాకుంది పని," అనేది. రెండోది జేబు. పదేళ్లు దాటిన ప్రతి ఆడపిల్ల స్కర్టుకూ ఎవరూ అడక్కుండానే లోపల అరచేతి వెడల్పు జేబు కుట్టేది. దాని నోరు పైకి ఉండదు, పక్కకు ఉంటుంది. నోటి మీద చిన్న మూత, మూలల్లో గుడ్డను రెండు మడతలు పెట్టి మూడు ముడులు. బోర్లా పడుకున్నా, వాగులో నడిచినా లోపలిది బయటికి రాదు. నంద్యాలలో వాగెక్కడుందని నేను ఆలోచించలేదు. "నెలకోసారి అవసరం పడేది యాడ పెట్టుకుంటాది పిల్ల?" అంది ఒకసారి. ఆ మాట సరిపోయింది నాకు.

ఒక జూన్ నెల, రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడుంబావు. యాభై దాటిన మనిషి ఒకాయన కాగితంలో చుట్టిన స్కర్టు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. మామూలు బట్టలే గానీ నిలబడిన తీరు పోలీసుది.

"ఇది ఈడనే కుట్టినారా?"

నేను గర్వంగా చెప్పాను. "ఔ సార్, మా అక్క చెయ్యి. నంద్యాలంతా ఎతికినా ఇట్టాంటి జేబు దొరకదు."

నా జన్మలో నేను తొందరపడి అన్న మాట అదొక్కటే.

ఆయన స్కర్టు తిరగేసి, ఆ మూడు ముడుల మీద బొటనవేలు పెట్టాడు. "నిజమే, దొరకదు. నేను ఇంకో మూడు సూసినా."

అక్క మిషను ఆగింది.

ఆయన లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. హెడ్ కానిస్టేబులు. అంతకు చాలా ఏళ్ల ముందు అడవి పక్క ఊళ్లో పనిచేశాడు. ఏ స్టేషనో నేను రాయను. నల్లమలలో కాల్పులు జరిగాక మూడు శవాలు కిందికి తెచ్చారట. ముగ్గురూ ఆడపిల్లలే, తుపాకులు పట్టిన పిల్లలు. ఒంటిమీద ఏముందో వెతికి రాయడం ఆయన పని.

"ప్యాంట్ల లోపల ఇదే జేబు. ముగ్గురికీ. దాంట్లో ఉతికి మడిచిన పాతగుడ్డ పీలికలు. నాకు నలుగురు అక్కచెల్లెళ్లమ్మా, అవి ఏంటివో తెల్సు. కాగితంలో 'ఏమీ లేవు' అని రాసినా." స్కర్టును మోకాళ్ల మీద మడిచాడు. "శవాల కోసం ఎవురూ రాలేదు. పేర్లు లేవు. ఆడమనిషి ఒకటి, రెండు, మూడు అని రాసి పూడ్చినాము. నిన్న నా కూతురు స్కర్టు ఉతికి ఆరేస్తాంటే ఈ జేబు సూసినా."

"ముగ్గురా?" అంది అక్క.

"ముగ్గురే."

అక్క అడిగిన ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. అక్క కూడా ఆ అడవిలో వాళ్లతో ఉండి వచ్చిన మనిషే. చెప్పులు, వాగు, పరుగు, గుండుసూదులు. ఆమె మీద కేసు ఉండే ఉంటుంది, నోరు విప్పితే ఇక్కడినుంచే తీసుకుపోతారు. 'ఆ జేబు కుట్టింది నేనే' అనబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"సరోజా, బుక్కు తియ్యి. రాసుకో."

రాశాను.

"ఎల్లమ్మ. నడుము ఇరవైనాలుగు, పొడుగు ముప్పైఆరు. రాహేలు. నడుము ఇరవైఏడు, పొడుగు ముప్పైఎనిమిది, ఎడమ కాలు అరంగుళం తక్కువ." ఒక్కో పేరుతో ఊరూ, తండ్రి పేరూ చెప్పింది. అడవిలో అసలు పేరు ఎవరూ ఎవరికీ చెప్పకూడదట. కొలతలు తీసుకునేటప్పుడు మాత్రం పిల్లలు ఆమె చెవిలో చెప్పేవాళ్లట.

మూడో పేరుకు ముందు టేపు తీసి వేలికి చుట్టుకుంది. "సుంకులమ్మ. పదహారేళ్లు. నడుము ఇరవైరెండు. పొడుగు... అది ఇంకా పెరుగుతాండె. రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టినా. తర్వాత ఇప్పుకోవచ్చని."

"ఔ," అన్నాడు ఆయన తల దించుకొని. "మడత ఉండె. ఇప్పలేదు."

నేను కాగితం చించి ఇచ్చాను. "ఈ కొలతలు ఎవురు చెప్పినారని రాయమంటావమ్మా?" అని అడిగాడు.

"టైలరు అని రాయి."

ఆయన పోయాక అక్క చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. పొద్దున తెచ్చుకున్న అన్నం అప్పుడు తింది, ఒట్టి కాళ్లతో, వీధి వైపు చూస్తూ. "పో అక్కా, ఆళ్లగడ్డ బస్సు ఉంది, మా ఇంట్లో ఉందువు," అని ఏడ్చాను. "ఆ జేబు కుట్టిచ్చింది ఆ ముగ్గురికే. చలిజ్వరమొస్తే నన్ను మోసుకొచ్చి అడవి అంచులో దింపి, ఆ ముగ్గురే ఎనక్కి పోయినారు," అంది. "ఎప్పుడో బయటికొచ్చి పిల్లల్ని కని ఉంటారులే అనుకుంటా ఉంటి. ఇంగ యాడికి పోదు నేను?"

ఇరవైమూడు రోజులు అలాగే కూర్చుంది. పట్టుకుపోను ఎవరూ రాలేదు. ఇరవైనాలుగో రోజు ఆయనే వచ్చాడు. మూడు ఊళ్లకూ కబురు పోయిందట. రెండు ఇళ్లలో మనుషులున్నారు, ఏడ్చారు. సుంకులమ్మ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. టైలరు ఎవరని ఎవరూ అడగలేదట, ఆయనా చెప్పలేదట. కూతురి స్కర్టు నడుము ఒక అంగుళం వదులు చెయ్యమని ఇచ్చిపోయాడు. అక్క అది రెండుసార్లు కొలిచి చేసింది.

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. చించిన కాగితం కింది పేజీలో నా పెన్ను ఒత్తిడికి ఆ అక్షరాలు దిగాయి. వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తాయి. ఆ బుక్కు నా బీరువాలో ఉంది.

మొన్న ఆ కొత్త స్కర్టు పక్క కుట్టు విప్పి జేబు కుట్టాను. కళ్లు సరిగా ఆనక మూడు ముడులకు పావుగంట పట్టింది. అంచు కూడా విప్పి, రెండంగుళాలు లోపలికి మడిచాను.

"ఎందుకవ్వా అంత మడత? పొట్టిగా ఐతాది," అని పోట్లాడింది పిల్ల.

"నువ్వు పెరుగుతాండావు," అన్నాను. "వచ్చే జూన్‌కు నేనే ఇప్పుతా."

మడత లోపల, విప్పాల్సిన తేదీని సూది మొనతో గుర్తు పెట్టాను.