సదరు తండ్రి

కోర్టు వెనక సందులో వకీళ్ళు ఆమెను సదరమ్మ అని పిలుస్తారు. పదిహేడేళ్ళుగా అర్జీలూ అఫిడవిట్లూ టైపు చేయగా చేయగా ‘సదరు’ అన్న మాట ఆమె నాలుకకు అతుక్కుపోయింది. ఇంట్లో గొడుగు కనిపించకపోయినా సదరు గొడుగు ఎక్కడ పెట్టావని తండ్రిని అడుగుతుంది. ఆయన దర్జీ. అది సదరు కూతురి చంకలోనే ఉందని తలెత్తకుండా జవాబిస్తాడు.

తాను తప్పులు దిద్దిన అర్జీలను పట్టుకుని ఇతరులు వాదించి పేరు తెచ్చుకోవడం చూసి చూసి, ముప్పయి తొమ్మిదో ఏట ఆమె లా చదవాలని నిశ్చయించుకుంది. పగలు పని మానుకునే వీలు లేదు. సాయంత్రం తరగతులు నడిపే కాలేజీ ఒక్కటే ఉంది. అక్కడ నలభై నిండినవారిని చేర్చుకోరు. అంటే ఆమెకు మిగిలింది ఆ ఒక్క ఏడాదే.

ప్రవేశ పరీక్ష కోసం చేరిన శిక్షణ కేంద్రం మెట్ల దగ్గర నుంచే చెమ్మగిల్లిన గోడల కంపు కొట్టేది. అందరూ సార్ అని పిలిచే దాని యజమాని, వేలు నాలుకకు రాసుకుని జవాబు పత్రాలు తిప్పేవాడు. ప్రతి పేజీ మూలనా ఆ తడి ముద్ర ఉండేది. ఆమె ఆ మూలలు కత్తిరించాకే కాగితాలు సంచిలో పెట్టుకునేది. ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదివే వృత్తి అలవాటు వల్ల మొదట్లో సగం ప్రశ్నలు మిగిలిపోయేవి. ఇవి దస్తావేజులు కావనీ, చదవక్కర్లేదనీ, గుర్తుపడితే చాలనీ సార్ విసుక్కున్నాడు. మనసొప్పకపోయినా ఆమె అలాగే చేసింది. మంచి ర్యాంకు వచ్చింది.

దరఖాస్తుతో పాటు తన గురించి ఒక వ్యాసం జతచేయాలి. ఆమె ‘సదరు దరఖాస్తుదారు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా’ అని మొదలుపెట్టి, తన పని గురించి ఒకటిన్నర పేజీ రాసింది. సార్ అది చదివి, ఇందులో ఏడుపు ఎక్కడుందని అడిగాడు. కాస్త బాగుచేసి కేంద్రం తరఫున తానే పంపుతానన్నాడు. చివరి పేజీ ఖాళీగా ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దని రోజుకు పదిమందికి చెప్పే మనిషి, గడువు దాటిపోతుందన్న కంగారులో పెట్టేసింది.

ఆ వారమే కేంద్రం విద్యార్థులు తమ వ్యాసాలు టైపు చేయించుకోవడానికి ఆమె దగ్గరకు రాసాగారు. మొదటి వ్యాసంలో తాగుబోతు తండ్రి కూతురి పుస్తకాలు చించేస్తే, తల్లి ఆ ముక్కలు ఏరి అతికించింది. టైపు చేస్తూ ఆమె కళ్ళు తుడుచుకుంది. రెండో వ్యాసంలో అదే తండ్రి అవే పుస్తకాలు చించాడు. అయిదోది వచ్చేసరికి ఆ పేరా చూడకుండానే టైపు చేసేసింది. అనుమానం పీడిస్తుంటే ఇంటర్వ్యూ ముందురోజు కేంద్రానికి వెళ్ళి తన వ్యాసం ప్రతిని అడిగి తీసుకుంది. ఆ తండ్రి అందులోనూ ఉన్నాడు.

"మా నాన్న మందు ముట్టడు సార్."

"మా నాన్న మాత్రం ముడతాడా? కాగితం మీద తాగితే లివరేం చెడదు మేడమ్."

అలా అంటూనే వేలు నాలుకకు రాసుకుని తర్వాతి పేజీ తిప్పాడు.

మర్నాడు తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వెంట వచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ముగ్గురున్నారు. మధ్యనున్న పెద్దావిడ గొంతు తగ్గించి, నాన్నగారు ఇప్పటికీ అలాగే ఉన్నారా అని అడిగింది.

"సదరు తండ్రి బయట కూర్చున్నారండీ. ఆయనకా అలవాటు లేదు. ఆ మాటలు నేను రాయలేదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడం మాత్రం నా తప్పే."

పెద్దావిడ ఆశ్చర్యపోలేదు. అదే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది.

"ఈ ఏడాది ఈ నాన్న మాకు చాలాసార్లు కనిపించాడమ్మా. మీ ర్యాంకు బాగుంది. ఇక ఈ వ్యాసాన్ని కదపకండి."

"తెలిసీ దీనికి మార్కులు వేశారా?"

"ఇరవైకి పద్దెనిమిది."

శుభ్రమైన ఆ గదిలో, ఆ మెత్తని గొంతు విన్నాక, శిక్షణ కేంద్రంలో కలిగినదానికన్నా పెద్ద రోత ఆమెకు కలిగింది. తన వ్యాసం ఒకసారి ఇమ్మని అడిగింది. తండ్రి గురించిన పదకొండు పంక్తులనూ అడ్డంగా గీసి, కోర్టు కాగితాల్లో చేసే పద్ధతిలోనే ‘పై పదకొండు పంక్తులు కొట్టివేయడమైనది’ అని అంచున రాసి, పూర్తి సంతకం పెట్టింది. అలాగైతే ఆ పద్దెనిమిదీ తీసేయాల్సి వస్తుందని పెద్దావిడ హెచ్చరించింది. తీసేయమంది.

తిరిగి వస్తున్నప్పుడు, ఏమడిగారని తండ్రి ఆరాతీశాడు.

"నీ గురించే నాన్నా."

"నా గురించా? నేనేం పరీక్ష రాశానని?"

జాబితా వచ్చింది. ఆఖరి సీటుకు తొమ్మిది మార్కుల దూరంలో ఆమె ఆగిపోయింది. ఆమె టైపు చేసిన అయిదు వ్యాసాల్లో మూడింటికి సీట్లు దక్కాయి. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి, చేరేముందు ఇవ్వాల్సిన అఫిడవిట్ చిత్తుప్రతి పట్టుకుని టైపు చేయించుకోవడానికి వచ్చింది. దరఖాస్తులో రాసినవన్నీ నిజమేనని ప్రమాణం చేసే కాగితం అది. సదరమ్మ అలవాటు ప్రకారం రెండుసార్లు చదివి, బల్ల మీదుగా వెనక్కి నెట్టింది.

అక్షరదోషాలు గానీ ఉన్నాయా అని ఆ అమ్మాయి అడిగింది.

"దోషాల్లేవమ్మా. దీన్ని టైపు చేయడం నా వల్ల కాదు. ఇంకో చోట చూసుకో."

పదిహేడేళ్ళలో ఆమె వెనక్కి పంపిన మొదటి కాగితం అదే.