కోర్టు వరండాలో మా మామ పేరు పిలిచారు

నవ్వకండి. ముందే చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఇకమీదట నేను వండే చేపల పులుసు మీరెవరూ నోట పెట్టకండి. అంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. నేను ఊరికే భయపడే మనిషిని కాదని మీకు తెలుసు. అరసవల్లిలో మా జాకెట్ల కొట్టులో కరెంటు పోతే చుట్టుపక్కల వాళ్లకి ధైర్యం చెప్పేది నేనే. అలాంటిదాన్ని ఆ వేళ... చీకట్లో... తాళం వేసిన తలుపుకి రెండు చేతులూ జోడించి నిలబడ్డాను.

అసలు ఎందుకు వెళ్లానో చెబుతాను. అంతా మా అత్త కోసం.

మా అత్త పోలమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున. మామ లచ్చయ్య ఎండుచేపల వ్యాపారం చేసేవాడు. నేను కోడలిగా రాకముందే పోయాడు. ఆయన చనిపోవడానికి కొన్ని నెలల ముందు ఇంటికి కోర్టు నోటీసు వచ్చిందట. అప్పట్లో ఇంట్లో ఎవరికీ చదువు రాదు. అత్త తమ్ముడికి వచ్చు. ఆయన చదివి, "ఇందులో ఐపీ అని ఉన్నాది, బావ పేరున్నాది" అన్నాడట. అంతే. లచ్చయ్య ఐపీ పెట్టేశాడు, దివాలా తీశాడు అని పుట్టింటి ఊరంతా పాకిపోయింది. మామ ఆ కాగితం పట్టుకుని కోర్టుకి వెళ్లొచ్చాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మాటలు తక్కువ మనిషి. తర్వాత అత్త బంగారం అమ్మేశాడు, జబ్బుపడ్డాడు, పోయాడు.

ఆ తర్వాత పుట్టింట్లో ఏదో భోజనాల్లో, "ఐపీ పెట్టినోడి పెళ్లాం" అని ఎవరో అన్నారట. అత్త తినే విస్తరి ముందునించి లేచి వచ్చేసింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. పక్క ఊళ్లో చావుకైనా వెళ్లేది గానీ అక్కడికి మాత్రం వెళ్లేది కాదు.

ఈ మధ్య ఆ తమ్ముడే వచ్చాడు. మనవరాలి పెళ్లి. ముసలాయన శుభలేఖకి పసుపు రాసి తనే తెచ్చాడు, గుమ్మంలో నిలబడి బతిమాలాడు. అత్త పీట వేసింది, టీ ఇచ్చింది, రానని చెప్పేసింది. ఆయన వెళ్లాక వంటింట్లో నా వైపు తిరక్కుండా గిన్నెలు తోముతూ కూర్చుంది. తోమిన గిన్నే మళ్లీ తోముతోంది.

నాకు ఒక అనుమానం ఎప్పటినించో ఉంది. ఐపీ పెట్టినవాడు ఎవరికీ రూపాయి ఇవ్వడు కదా... అందుకే కదా పెట్టేది? మరి మామకి అప్పు మీద చేపలు వేసిన పడవలవాళ్లు ఒడ్డున కనిపిస్తే, మీ మామ మా బాకీ పైసాతో సహా తీర్చాడమ్మా అంటారు. ఈ రెండూ ఎలా కుదురుతాయి?

మా పెద్దమ్మ కూతురి మొగుడు రమణ బావ వకీలు దగ్గర గుమస్తా. వెళ్లి అడిగాను. ఐపీ కేసులేమీ రహస్యం కాదట. ఎవరైనా చూడొచ్చట. ఈ మధ్యవైతే ఫోన్‌లోనే జిల్లా, కోర్టు ఎంచుకుని, పార్టీ పేరూ సంవత్సరం కొడితే వచ్చేస్తాయట. కొట్టాం. రాలేదు. పాతవి కంప్యూటర్లోకి ఎక్కి ఉండవని, అలాంటప్పుడు కోర్టులో దరఖాస్తు రాసి, స్టాంపు అంటించి, రికార్డు గదిలో రిజిస్టరు వెతికించుకోవాలని బావ చెప్పాడు. సరే పద అన్నాను. జాకెట్లు ఎవరు కుడతారే అన్నాడు. నీ పెళ్లాం జాకెట్టే మొదట ఆగుతుంది అన్నాను. వెంటనే బండి తీశాడు.

ఏ కోర్టో చెప్పను. అక్కడ పనిచేసేవాళ్లు మంచివాళ్లు, వాళ్లకి తలనొప్పి ఎందుకు. పాత భవనం. పెంకుల వరండా. మేం వెళ్లేసరికే మధ్యాహ్నం దాటింది. రికార్డు గుమస్తా పాపం ఓపిగ్గా ఐపీ రిజిస్టర్లు తీశాడు. దుమ్ముకి తుమ్ములే తుమ్ములు. ఐపీ వేసినవాళ్ల పేర్లు అక్షరాల వరసలో ఉంటాయి. "ల" దగ్గర చూశాం. లచ్చయ్య లేడు. అంతకు ముందు ఏడాది చూశాం. ఆ తర్వాతి ఏడాది చూశాం. ఇంటిపేరుతో చూశాం. లేడు.

నాకు సంతోషమేసింది. లేడంటే పెట్టలేదనే కదా? బావ తల అడ్డంగా ఊపాడు. ఈ కోర్టులో లేకపోతే ఇంకో కోర్టులో వేసి ఉండొచ్చు, లేదన్నదానికి కాగితం ఎవరిస్తారు అన్నాడు. నిజమే. ఏమీ దొరకలేదని చెబితే అత్త కదులుతుందా?

అంతలో వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. పెంకులు పగులుతాయా అన్నంత వాన. కోర్టు వేళ అయిపోయింది, జనమంతా వెళ్లిపోయారు, మేం ముగ్గురం ఇరుక్కున్నాం. చీకటి పడుతుండగా... టప్పుమని కరెంటు పోయింది. చీకట్లో రికార్డుల మధ్య ఉండకూడదని గుమస్తా మమ్మల్ని బయటికి పంపి, గదికి తాళం వేసి, ఇన్వర్టరు సంగతి చూడ్డానికి వెనక్కి వెళ్లాడు. బావ నెత్తిన సంచీ కప్పుకుని, రోడ్డు అవతల టీ తెస్తానని పరిగెత్తాడు.

నేనొక్కదాన్నే.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా కోర్టు హాలు తలుపు. పెద్ద తాళం. ఫోన్ చూస్తే ఛార్జింగు లేదు. వాన కాస్త తగ్గింది... చూరు నించి నీళ్లు పడుతున్నాయి... టప్... టప్... ఎక్కడో కప్ప. తడి మట్టి వాసన. దాంతోపాటు చుట్ట వాసన కూడా వచ్చినట్టుంది... వచ్చిందో లేదో ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

అప్పుడు... ఎవరో గొంతు సవరించుకున్నారు.

గుమస్తా అనుకున్నాను. "ఇన్వర్టరు పని సేస్తన్నాదేటండీ?" అని అడిగాను. వెనక్కి చూశాను. ఎవరూ లేరు. మళ్లీ తలుపు వైపు తిరిగాను.

మీరెప్పుడైనా కోర్టుకి వెళ్లారా? బంట్రోతు గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తాడు. ఒక్కో పేరు మూడుసార్లు. రాగం తీసి పిలుస్తాడు. మూడోసారికి పలక్కపోతే ఇక నువ్వు రానట్టే లెక్క... నీ మాట వినకుండానే కేసు నడిచిపోతుంది.

అదే రాగం. తలుపు దగ్గరనించే. నాకు బారెడు దూరంలో.

"ఐపీ పిటిషనరు కూర్మారావూ..."

మళ్లీ పిలిచింది ఆ గొంతు. కూర్మారావూ... ఇంకోసారి... ఎవరూ పలకలేదు. కప్ప కూడా ఆగిపోయింది. చూరు నీళ్లు మాత్రం... టప్... టప్...

తర్వాత...

"రెస్పాండెంటు లచ్చయ్యా..."

ఇంటిపేరుతో సహా. మా ఇంటిపేరు. అమ్మతోడు, నా చెవులతో విన్నాను. కోపంగా లేదు. భయపెట్టేలాగా లేదు. రోజూ చేసే పని చేసుకుంటున్న గొంతు అంతే. అదే నన్ను ఎక్కువ వణికించింది.

లచ్చయ్యా... రెండోసారి.

నేను తలుపు వైపే చూస్తున్నాను. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. పారిపోదామనే అనిపించింది, దాచను. కానీ ఒకటే ఆలోచన... మూడోసారి కూడా ఎవరూ పలక్కపోతే? మా మామ రానట్టు రాసేసుకుంటారే! ఇన్నేళ్లూ ఆయన తరఫున మాట్లాడిన నాథుడు లేడు, ఇప్పుడు కూడా లేకుండా పోతాడా?

లచ్చయ్యా...

ఎలా లేచానో తెలీదు. చేతులు జోడించాను. నోరు దానంతట అదే పలికింది.

"ఉన్నామండీ... కోడల్నండీ... ఆయన తరఫున నానొచ్చినానండీ."

లోపల కాగితం తిప్పిన చప్పుడు విన్నాను. గాలి అయి ఉండొచ్చు. తర్వాత కప్ప మళ్లీ మొదలెట్టింది.

బావ టీ కప్పులతో వచ్చేసరికి నేను అలాగే ఉన్నాను. తాళానికి దండం పెడుతున్నావేటే అని ఒకటే నవ్వు. నేను నవ్వలేదు. టీ కూడా ముట్టుకోలేదు. ఒకే మాట అన్నాను... కూర్మారావు పేరు చూడాలి. ఎవడే కూర్మారావు అన్నాడు. నాకు తెలీదు బావా, చూడు అన్నాను. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

గుమస్తా వచ్చాడు, కరెంటూ వచ్చింది. రేపు రండమ్మా అన్నాడు. ఒక్క పేరు, ఒకే ఒక్క పేరు అని కాళ్లావేళ్లా పడ్డాను. విసుక్కుంటూనే తాళం తీశాడు. "కూ" దగ్గర వేలు పెట్టాడు. ఉన్నాడు. కూర్మారావు, ఎండుచేపల టోకు వ్యాపారి. పక్కన ఎదుటి పార్టీల, అదే రెస్పాండెంట్ల, పేర్లు వరసగా. ఆ వరసలో... మా మామ లచ్చయ్య.

పేరుంది కదా బావా, అయితే నిజమేనా అన్నాను. బావ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఒసే పిచ్చిదానా. ఐపీ ఏసినోడు కూర్మారావు. ఆడు ఎవులెవులికి ఎగ్గొట్టినాడో ఆళ్లందరినీ ఎదుటి పార్టీలుగా సూపించాల, అది రూలు. నోటీసులు ఆళ్లకే వస్తాయి. మీ మావ బాకీ పడ్డోడు కాదే... బాకీ రావాల్సినోడు."

అర్థమవడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక అరిచేశాను. గుమస్తా హడలిపోయాడు. కూర్మారావు ముంచేస్తే మామ మునిగాడు, మునిగి కూడా అత్త బంగారం అమ్మి పడవలవాళ్లందరికీ ఇచ్చాడు. అలాంటి మనిషికి ఇన్నేళ్లు దివాలాకోరు పేరు! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంటికెళ్లే దారిలో బావ చేత వేడి జిలేబీలు కొనిపించాను. వానలో తడుస్తూ బండి వెనక కూర్చుని నేనే సగం తినేశాను.

సర్టిఫైడు నకలు కొన్నాళ్లకి చేతికొచ్చింది. అత్తకి చదివి వినిపించాను. ఇంకోసారి అంది. చదివాను. మళ్లీ అంది. నా నోరు నొప్పెట్టేదాకా చదివించుకుని, లేచి పెట్టెలోంచి పట్టుచీర తీసి ఎండలో వేసింది.

పెళ్లికి వెళ్లాం. పందిట్లోనే ఆ కాగితం తమ్ముడి చేతిలో పెట్టింది. ముసలాయన కూడబలుక్కుంటూ చదివాడు. "అప్పా... నాను ఐపీ అన్న ముక్క సూసి మిగతాది సదవనేదు" అన్నాడు. నలుగురిలోనే అక్క కాళ్లు పట్టుకున్నాడు. మా అత్త నోరు నాకు తెలుసు. ఆవిడ తమ్ముడి నెత్తి మీద ఒక్కటి మొట్టి, "లెగు. పిల్లని పెళ్లికూతుర్ని సేసినారా నేదా, సూపించు" అంది. ఆ తర్వాత ఆవిడని పట్టడం ఎవరి తరం కాలేదు. పెళ్లికొడుకు వైపు వాళ్లని ఆడించింది, పాటలు పాడింది, డప్పులవాళ్ల ముందు చీర కుచ్చెళ్లు దోపుకుని చిందేసింది. మా ఆయన ఫోన్‌లో తీసినవి ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను.

ఆ గొంతు సంగతి మాత్రం అప్పటిదాకా అత్తకి చెప్పలేదు. జడుసుకుంటుందని. బావ ఏమంటాడంటే, రిజిస్టరు తిరగేస్తున్నప్పుడు ఆ పేరు నా కంట పడి ఉంటుందట, వానలో మనసు దాన్నే వినిపించిందట. కావచ్చు. అంతకుముందు మేం "కూ" ఉన్న పేజీ అసలు తెరవలేదని గుమస్తా అంటాడు. ఆయన మాటా కావచ్చు. ఆ పూట డ్యూటీలో బంట్రోతు లేడన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. మీరేమంటారో మీ ఇష్టం. నాకైతే ఇప్పటికీ తెలీదు.

పెళ్లి నించి ఆటోలో తిరిగొస్తూ అత్తకి చెప్పేశాను. జడుసుకోలేదు. చీకట్లో బయటికి చూస్తూ మొత్తం వింది. ఎలా పిలిచాడు, రాగం తీశాడా, ఇంటిపేరు కూడా అన్నాడా అని అడిగింది. అన్నీ చెప్పాను. తర్వాత నా చేయి పట్టుకుంది.

"నన్నోసారి ఆ కోర్టుకి తీసుకెళ్తావేటే? ఆయన పేరు నాను నోటితో అనకూడదు గదా... ఎవులైనా గట్టిగా పిలిస్తే ఇనాలని ఉన్నాది."

వెళ్దాం అత్తా అన్నాను. వచ్చే వారం వెళ్తున్నాం. పిలుస్తారో లేదో నాకు తెలీదు.