డాష్ టీచరు గారు

మా ల్యాబులో పొద్దున్నే ముందుగా ముక్కుకి తగిలేది స్పిరిటు వాసన కాదు, చెక్కిన పెన్సిలు వాసన. రక్తపు చుక్క పరిచిన గాజు స్లైడు గరుకు అంచు మీద రోగి పేరు పెన్నుతో రాయకూడదు. రంగు వేసి కడిగేటప్పుడు సిరా కరిగిపోతుంది, పెన్సిలు గీత ఉండిపోతుంది. అందుకని అమలాపురంలోని ఆ ఇరుకు గది షట్టరు ఎత్తగానే నేను చేసే మొదటి పని పెన్సిళ్లు చెక్కి గ్లాసులో వేసుకోవడం. ఆ చెక్క వాసనతో పాటు కొత్తపేటలో మేం పదో తరగతి చదివిన రేకుల గది గుర్తుకొస్తుంది. ఆ గదిలో నల్లబల్ల పక్కన నిలబడ్డ కరుణమ్మ టీచరు గారు గుర్తుకొస్తారు. ఇన్నేళ్లయినా ఆ గది నన్ను వదల్లేదు.

ఆవిడ మాకు ఇంగ్లీషు చెప్పేవారు. రోజూ మొదటి పీరియడులో బోర్డు మీద ఖాళీలున్న వాక్యాలు రాసేవారు, కింద నాలుగేసి మాటలు ఇచ్చేవారు. సరైనది ఏరి ఖాళీలో పెట్టాలి. ఖాళీ వచ్చిన చోట 'డాష్' అని చదవడం మా అందరికీ అలవాటు. 'షి ఈజ్ వెయిటింగ్ డాష్ ద బస్' అని క్లాసంతా ఒకేసారి అరిస్తే పైన రేకులు అదిరేవి. దాంతో ఆవిడకి డాష్ టీచరని పేరు పడిపోయింది. ఒకసారి వెనక బెంచీలో ఎవరో "డాష్ టీచరు వచ్చిందిరా" అంటే గుమ్మంలోనే విన్నారు. "డాష్ అంటే అనండి నాయనా, గారు తగిలించండి. వచ్చిందిరా కాదు, వచ్చేరు" అని పుస్తకం తెరిచారు. ఆ రోజు నుంచి ఆవిడ మా డాష్ టీచరు గారు.

ఆవిడ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. అది నేను మరెక్కడా చూడలేదు. బెంచీ మీద పెన్నూ పెన్సిలూ రెండూ ఉండాలి. "ఖాయంగా తెలిస్తే పెన్నుతో రాయండి. ఇదేమో అనిపిస్తే పెన్సిలుతో రాయండి. తెలీకపోతే వదిలేయండి. ఖాళీ కనపడితే మీకేం చెప్పాలో నాకు తెలుస్తుంది. గుడ్డిగా నింపేస్తే నాకేం తెలుస్తాది చెప్పండి?" అనేవారు. ఖాళీ వదిలినందుకు ఆవిడ ఎవరినీ తిట్టగా నేను చూడలేదు. పెన్నుతో తప్పు రాస్తే మాత్రం కళ్ళద్దాల మీద నుంచి ఒక చూపు చూసేవారు. దానికన్నా రెండు దెబ్బలు నయం.

నేనేమో అన్నీ పెన్నుతోనే రాసే రకం. మా నాన్న రావులపాలెం అరటి మార్కెట్టులో గెలలు లారీలకెక్కించేవాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కావడంతో మందు సీసా మీద ఏముందన్నా, కరెంటు ఆఫీసు కాగితంలో ఏముందన్నా నన్నే అడిగేవారు. తెలియదన్న మాట నా నోట రాకూడదని నాకో పొగరు. ఒక రోజు నేను రాసిన జవాబు ఒకటి చూపించి, ఇదెందుకు పెట్టావని టీచరు గారు అడిగారు. అదే బాగుందనిపించిందన్నాను. ఆవిడ దాని మీద వేసిన రైటు గుర్తు కొట్టేసి, "జవాబు రైటేనమ్మా. కానీ నీది కాదు" అన్నారు. ఇంటికి పోయి ఏడిచాను. నాన్నకి కోపం వచ్చింది. "రైటుకి మార్కు తీసేసే పంతులమ్మని ఎక్కడా చూళ్లేదు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ ఆవిడంటే ఒళ్లు మండింది. కానీ వారం తిరక్కుండా ఆ జవాబు ఎందుకు రైటో ఆవిడ నాకు బోధపరిచారు. ఆ తర్వాత దాన్ని పెన్నుతో రాసినప్పుడు కలిగిన ధీమా వేరు.

ఇబ్బంది అర్ధసంవత్సర పరీక్షల తర్వాత మొదలైంది. పక్క సెక్షనుకి మాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. వాళ్లు ఒక్క ఖాళీ కూడా వదల్లేదు, మేం బోలెడు వదిలాం. మాది ప్రైవేటు స్కూలు. రిజల్టు ఎలా ఉంటే వచ్చే ఏడాది పిల్లలు అలా చేరతారు. కరస్పాండెంటు గారు తల్లిదండ్రుల్ని పిలిచి మీటింగు పెట్టారు. మా నాన్న కూడా వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను.

"చూడండి టీచరు గారూ, తప్పు రాస్తే మార్కులు కొయ్యరు కదండీ. ఏదో ఒకటి పెట్టమనండి. వస్తే కొండ, పోతే వెంట్రుక" అన్నారు కరస్పాండెంటు గారు.

"పబ్లిక్ పరీక్షలో ఏం చెయ్యాలో ఆ ముందు రోజు నేనే చెప్తానండి. ఈ లోపల వీళ్లకేం రాదో నాకు తెలియాలండి."

"రాదని ఊరంతా చాటుకోవడం దేనికండీ?" అన్నాడు మా నాన్న. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి కరస్పాండెంటు గారు ఒక మాట తేల్చి చెప్పారు. ప్రీఫైనల్ పేపర్లు పక్క సెక్షను మాస్టారు దిద్దుతారు. అందులో మా బీ సెక్షను పిల్లలు ఖాళీలు వదిలితే టీచరు గారు వేరే స్కూలు చూసుకోవాలి. ఆవిడ "ఆయ్, అలాగేనండి" అని లేచారు. ఆవిడ భర్త మస్కట్‌లో డ్రైవరుగా చేస్తూ యాక్సిడెంటులో నడుము విరిగి వచ్చేశారు. చేతికర్ర సాయంతో చర్చి దాకా రావడమే ఆయనకి గగనం. ఇల్లు నడిచేది టీచరు గారి జీతం మీదే. ఆ సంగతి కొత్తపేటలో అందరికీ తెలుసు, మా క్లాసుకి మరీ తెలుసు.

ప్రీఫైనల్ ముందు రోజు నా స్నేహితురాలు సునీత మమ్మల్నందర్నీ సైకిలు స్టాండు దగ్గర పోగేసింది. "రేపెవరూ ఖాళీ వదలొద్దర్రా. తెలిసినా తెలీకపోయినా పెన్నుతో కొట్టేయండి. మేడమ్ కోసం" అంది. అందరం సరేనన్నాం. నేనూ సరేనన్నాను. ఆవిణ్ణి కాపాడాలంటే ఆవిడ చెప్పింది చెయ్యకూడదు. ఆవిడ చెప్పింది చేస్తే ఆవిడకి అన్నం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వయసులో నాకు తోచినంత మట్టుకు మొదటిదే మంచి పని.

పేపరులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'హి వాజ్ అక్యూజ్డ్ డాష్ థెఫ్ట్.' అతని మీద దొంగతనం మోపారని అర్థమైంది. ఆఫ్, ఫర్, విత్, ఫ్రమ్ అని నాలుగు మాటలిచ్చారు. చదివితే నాలుగూ బాగానే ఉన్నట్టున్నాయి. మిగతావన్నీ నింపి మళ్లీ అక్కడికే వచ్చాను. చుట్టూ పెన్నులు చకచకా సాగుతున్నాయి. సునీత తలెత్తి నా వైపు చూసి, కానీయమన్నట్టు కళ్లతో సైగ చేసింది. ఏదో ఒకటి పెట్టేద్దామని పెన్ను ఆనించాను. 'కానీ నీది కాదు' అన్న మాట చెవిలో పడ్డట్టయింది. పెన్ను తీశాను. మళ్లీ ఆనించాను. గంట కొట్టేశారు, పేపరు లాగేసుకున్నారు. నేనేదో నీతికి కట్టుబడ్డానని రాసుకోవాలని ఇప్పటికీ ఆశగానే ఉంటుంది. అలాంటిదేం లేదు. చెయ్యి ఆడలేదు, అంతే.

నాలుగు రోజులాగి కరస్పాండెంటు గారు పేపర్ల కట్ట పట్టుకుని మా గదిలోకి వచ్చారు. మొహం కళకళలాడుతోంది. మార్కులు పక్క సెక్షనుని దాటేశాయి. "చూసేరా టీచరు గారూ, మన పిల్లలు నింపగలరు!" అన్నారు. టీచరు గారు పైనున్న నాలుగు పేపర్లు తీసి చూశారు. ఎవరికేం వచ్చో, ఎవరికేం రాదో ఆవిడకి వేరే చెప్పాలా? ఆవిడ మొహంలో సంతోషం లేదు. మా వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు. అప్పుడు కరస్పాండెంటు గారు అడుగున ఉన్న పేపరు తీశారు.

"ఇదొక్కటే మిగిలింది. పద్మ ఎవరు?"

లేచి నిలబడ్డాను.

"ఇదెందుకు వదిలేవమ్మా?"

"తెలియదండీ."

"తెలీకపోతే? అందరూ పెట్టలేదా? ఇలా రా, నా ఎదురుగుండా పెట్టు" అని తన జేబులో పెన్ను తీసి నా చేతికిచ్చారు. సునీత రెండు చేతులూ జోడించి బెంచీ కింద నుంచి నాకు దణ్ణం పెడుతోంది. ఒక్క మాట రాస్తే చాలు, ఆయన వెళ్లిపోతారు, టీచరు గారి ఉద్యోగం ఉంటుంది. నేను రాసేసేదాన్నే. నాలుగింటిలో ఏది రాయాలా అని కూడా చూడలేదు, మొదటి దాని మీదికి చెయ్యి పోతోంది.

"ఆ పెన్ను ఆయనకిచ్చెయ్యమ్మా" అన్నారు టీచరు గారు. గొంతు పెంచలేదు. నా పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఆ పిల్లని నిలబెట్టకండి సార్. వదలమన్నది నేనండి. మిగతా వాళ్లు నా కోసం నింపేరు, ఇది నేను చెప్పినట్టు చేసింది. అడగాలంటే నన్నడగండి."

"అంటే మీరు మారరన్నమాట."

"పదిహేనేళ్ల పిల్ల తెలియదని అందరి ముందూ నిజం చెప్పిందండి. దాని చేత అబద్ధం రాయించి నేను జీతం తీసుకోలేనండి."

ఆ నెలాఖరుకి ఆవిడ వెళ్లిపోయారు. పుట్టిల్లు కపిలేశ్వరపురంలో ట్యూషన్లు చెబుతున్నారని విన్నాం. సునీత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మా నాన్న మాత్రం సంగతంతా విని, "నీ పక్కన నిలబడిందా?" అని అడిగాడు. నిలబడ్డారన్నాను. ఆ తర్వాత ఆవిడ మాట వచ్చినప్పుడల్లా 'ఆ టీచరమ్మ గారు' అనేవాడు.

మళ్లీ ఆవిణ్ణి చూసింది ఈ ల్యాబులోనే. తగ్గని జ్వరంతో ఉన్న భర్తని ఆటోలో తీసుకొచ్చారు. జుట్టంతా నెరిసింది, కళ్ళద్దాలు మాత్రం అవే. మలేరియా ఏమో చూడమని డాక్టరు గారు రాశారు. రక్తం తీస్తూ, ఇన్నేళ్లూ దాచుకున్నది ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రోజు నేను ఏదో ఒకటి పెట్టేసుంటే మీ ఉద్యోగం ఉండేదేమోనండీ."

"ఉండేదమ్మా" అన్నారు. నన్ను ఊరడించడానికైనా కాదనలేదు. "ఆ తర్వాత రెండేళ్లు చాలా ఇబ్బంది పడ్డాం." భర్త చేతి మీద దూది అదిమి పట్టి, "ఆ డాష్‌లో ఏం రావాలో తెలిసిందా మరి?" అన్నారు.

"ఆఫ్ అండీ."

"పెన్నా, పెన్సిలా?"

"పెన్నేనండీ."

ఆవిడ నవ్వారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

స్లైడు మీద పెన్సిలుతో ఆయన పేరు రాసి, రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక చోట ఊదా రంగు చుక్క కనిపించింది. మలేరియా పురుగు కావచ్చు, రంగు మరకా కావచ్చు. బయట ఆటో అతను హారను కొడుతున్నాడు. మా ఓనరు రిపోర్టు ఇచ్చెయ్యమని సైగ చేస్తున్నాడు. బల్ల మీద ఆయన వణికిపోతున్నారు, ఆయన చెయ్యి పట్టుకుని టీచరు గారు నా వైపే చూస్తున్నారు. ఆ మొహంలోకి చూసి తెలియదన్న మాట అనడం, పదిహేనేళ్ల వయసులో కన్నా నాకేం తేలిక కాలేదు.

"ఇప్పుడే చెప్పలేనండీ. నాకు తెలియడం లేదు. ఇంకో స్లైడు వేసి చూడాలండి."

"ఆయ్, చూడమ్మా" అన్నారు. "మేం కూర్చుంటాం."

రెండో స్లైడు శుభ్రంగా ఉంది. మొదటిది రంగు మరకేనని తేలింది. కానీ నాతో ఉండిపోయింది ఆ రిపోర్టు కాదు. ఎవరైనా కౌంటరు మీద చేత్తో కొట్టి, అవునో కాదో చెప్పడానికి ఇంతసేపా అని కేకలేసినప్పుడు నేను ఆ బల్ల వైపు చూస్తాను. భర్త తల భుజానికి ఆనించుకుని, ఒక్కసారి కూడా తొందర పెట్టకుండా, నాకు తెలిసేదాకా అక్కడే కూర్చున్నారు మా డాష్ టీచరు గారు.