పట్టంచు గాలి ఓడ

మేం ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా వైపు ఊళ్ళలో తలెత్తి ఆకాశం కేసి చూసేవాళ్ళు రెండు రకాలు. వాన కోసం చూసే రైతులు ఒక రకం, సప్లీలు (తప్పి మళ్ళీ రాయాల్సిన పరీక్షలు) ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకునే మాలాంటివాళ్ళు ఇంకో రకం. ఇద్దరికీ పైనుంచి వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. మా ఇల్లు ధర్మవరంలో, కాలేజీ హిందూపురంలో, మధ్యలో పెనుకొండ. రోజూ రైల్లో పోయి రావడమే. ఆ నాలుగేళ్ళలో నాకు థర్మోడైనమిక్స్ కన్నా కిటికీలోంచి కనబడే పెనుకొండ కొండే బాగా అర్థమయింది. (అది కదలదు. థర్మోడైనమిక్స్‌లో ఒక్కటీ కుదురుగా ఉండదు.)

చివరి సంవత్సరం కాలేజీలో ప్రదర్శన పెట్టారు. జట్టుకొక చీటీ, చీటీలో ఏది వస్తే దాని నమూనా చేసి చూపించాలి. ఆరోజు రైలు లేటు. నేను వెళ్ళేసరికి డ్రోన్లు, రోబోలు, సోలార్ పంపులు అన్నీ అయిపోయి గిన్నెలో ఒక్క చీటీ మిగిలింది. 'రష్యా సైన్యపు తొలినాటి గాలి ఓడలు, ఎగిరే నమూనా' అని ఉంది అందులో. మా హెచ్‌ఓడీ సారుకు పాత యుద్ధ యంత్రాలంటే ప్రాణం. ఆ చీటీ రాసింది ఆయనే. అది తమకు రాకూడదని దేవుడికి మొక్కుకున్నవాళ్ళందరి మొక్కులూ ఫలించినట్టున్నాయి. నా జట్టులో రెండోవాడు వోల్టేజి. వాడి ఉత్సాహం మా వీధి కరెంటులాగా పెరుగుతూ తగ్గుతూ ఉండేది కాబట్టి ఆ పేరు. చీటీ చూసిన రోజు పూర్తిగా పోయింది.

చదివితే తెలిసిందేమంటే, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందునుంచీ రష్యా సైన్యం పొడుగాటి సంచుల్లో గాలికన్నా తేలికైన వాయువు నింపి, కింద ఇంజనూ మనుషులూ ఉండే తొట్టి వేలాడదీసి, వాటిని ఆకాశంలో నడపాలని చూసింది. కొన్నిటిని ఫ్రాన్సులో కొన్నారు, కొన్ని సొంతంగా కట్టుకున్నారు. చాలావాటికి డేగ, పావురం, హంస అంటూ పక్షుల పేర్లు పెట్టారు. పేరు పక్షిదే గానీ కాపురం మాత్రం ఎక్కువగా షెడ్డులోనే. అన్నిటికన్నా పెద్దది మొదటి పరీక్షలోనే నడుము వంగి కూలిపోయింది. ఇదంతా చదివాక నాకు ఆ సైన్యం మీద ఒకరకమైన బంధుత్వం ఏర్పడింది. మా ఇంట్లో పరిస్థితి కూడా అప్పుడు అట్లాగే ఉండేది.

మాది నేతపని. మా అమ్మ అంతకు ముందు ఏడాది పోయింది. అంచు చీర నేయడానికి ఇద్దరు కావాలి. గుంట మగ్గంలో కూర్చుని నేసేవాడొకరు, పక్కన కూర్చుని అంచు నాడె (పోగును అటూ ఇటూ మోసుకుపోయే చెక్క పడవలాంటిది) అందించి విసిరేవారొకరు. మా ఇంట్లో ఆ రెండో చోటు అమ్మది. ఆమె పోయిన రోజు మగ్గం మీద ముక్కాలు భాగం అయిన పెళ్ళి చీర ఒకటి ఉంది. మామిడిపండు రంగు ఒళ్ళు, వంగపండు రంగు అంచు, అంచు పొడుగునా జరీ హంసలు. ఇక నేయవలసింది కొంగు ఒక్కటే. పెళ్ళివాళ్ళకు మాచేత నేయించే షావుకారు ఇంకో చీర ఇచ్చుకున్నాడు. నేస్తూ ఉండగా ఇంటి ఇల్లాలు పోయిన చీర ఏ పెళ్ళికూతురు కట్టుకుంటుంది. ఆయన తప్పేమీ లేదు, మాట కూడా మెత్తగానే చెప్పాడు. నాయన దాని మీద ఒక దుప్పటి కప్పాడు. ఆ తరువాత మగ్గంలో కూర్చోలేదు. మాట్లాడటం కూడా ఇంచుమించు అప్పుడే ఆపేశాడు. మా వీధిలో ఏ ఇంట్లోనైనా మగ్గం చప్పుడు ఆగితే ఎవరికేమయిందని పొరుగువాళ్ళు వచ్చి అడిగేవాళ్ళు. మొదట్లో మా ఇంటికీ వచ్చి అడిగారు. తరువాత వాళ్ళ మగ్గాలూ ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి గనుక ఎవరూ ఎవరినీ అడగడం లేదు.

ఈలోగా పెనుకొండలో ఉండే మామ, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ పక్కన కారు సామాన్లు చేసే ఒక కంపెనీలో నాయనకు గేటు కాపలా పని మాట్లాడి పెట్టాడు. ఒకటో తారీఖు లోపల అవునో కాదో చెప్పాలి. నాయన అవుననలేదు, కాదనలేదు. అవ్వ (నాయనకు అమ్మ, ఆ ఇంట్లో అప్పటికి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే) ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "ఒరేయ్, వాన్ని ఎట్లన్నా చేసి మళ్ళా మగ్గంలో కూచోబెట్టు. చేతిలో నాడె లేకుంటే వాడు మనిషి కాదురా. గేటు కాడ కుర్చీ ఏసుకొని కూచుంటే, కుర్చీ యాదో వాడు యాదో తెల్దు." నాకు మూడు సబ్జెక్టులు మిగిలిన రోజుల్లో నా మీద అంత నమ్మకం పెట్టుకున్నది ఆమె ఒక్కతే.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. గాలి ఓడకు పైతొడుగు కావాలి. వాయువు నింపడానికి లోపల పల్చటి ప్లాస్టిక్ సంచి ఉన్నా, ఆకారం నిలవడానికి తేలికైన పట్టు గుడ్డ చుట్టితే బాగుంటుందని సారు అన్నారు. నాయన దగ్గరికి పోయి, ఓడకు చుట్టడానికి అంచూ జరీ ఏమీ లేని తెల్లటి పట్టు గుడ్డ ఒకటి నేసిపెట్టమని అడిగాను.

నాయన నా వైపు తిరిగాడు. "అంచు లేని తెల్లగుడ్డ దేనికి కప్పుతారో తెలుసునా నీకు?"

తెలుసు. పోయినేడే చూశాను. మళ్ళీ ఆయనే అడిగాడు. "ఏం ఓడ అంటివి?"

"రష్యా సైన్యంది నాయనా. దాని పేరు వాళ్ళ భాషలో హంస."

నాయన లేచి వెళ్ళి మగ్గం మీద దుప్పటి తీశాడు. ఏడాది దుమ్ము లేచింది. దాని కింద అంచు పొడుగునా హంసలు వరసగా, ఎవరో పిలిస్తే ఆగిపోయినట్టు, అక్కడే ఉన్నాయి. "రష్యా వాళ్ళు కట్టుకోరు కదా దీన్ని," అన్నాడు నాయన. కట్టుకోరన్నాను. "అయితే వాళ్ళకు ఇస్తాం. కొంగు ఒకటి పడితే అయిపోతాది."

ఆ రాత్రి నేను లెక్క వేశాను. వాయువు ఎంత బరువు ఎత్తుతుంది, పట్టు ఎంత, జరీ ఎంత, మోటారు ఎంత. ఇంజనీరింగ్‌లో నేను తప్పులేకుండా వేసిన లెక్క బహుశా అదొక్కటే. ఓడ లేవదు. కొంగు నిండా జరీ, మన్ను మోసినట్టే. కానీ నాయన మగ్గంలో కూర్చుంటానన్నాడు. నేను ఆ లెక్క వోల్టేజికి కూడా చెప్పలేదు. ఒక ఓడ లేవకపోతే రష్యాకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు.

అంచు నాడె విసరడం చూసేవాళ్ళకు క్యారమ్స్ ఆడినట్టుంటుంది. అమ్మ చోటులో నేను కూర్చున్నాను. నేను విసిరిన నాడె సగం దూరం పోయి ఆలోచనలో పడేది. లేదంటే అవతలి గోడకు తగిలేది. నాయన తిట్టలేదు. తిడితే బాగుండేది. పోగు తెగిన చోటల్లా వంగి, ముడేసి, "కానీ" అనేవాడు. వీధిలోకి చప్పుడు వెళ్ళింది. అవ్వ గడప మీద కూర్చుని ఏ పనీ చేయకుండా వింటూ ఉండేది. ఒకరోజు ఆయన పనిలో మునిగి, తల ఎత్తకుండా, "అంచు చూడు మే," అన్నాడు. అమ్మను పిలిచినట్టే. అని ఆగిపోయాడు. నేను విననట్టు నాడె విసిరాను. అది తిన్నగా పోయింది. నా జీవితంలో ఆ ఒక్కసారే.

ప్రదర్శన రోజు నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో హిందూపురం వచ్చాడు. అవ్వ ఆయనను గుమ్మం దాకా సాగనంపి, నాకేసి చూసి, గెలిచావురా అన్నట్టు తల ఊపింది. కాలేజీ హాల్లో ప్లాస్టిక్ సంచి మీద చీర చుట్టి, రెండు అంచులూ పొట్ట కింద కలిపి కుట్టాం. కొంగు తోక వైపు వచ్చింది. పుట్టినరోజు బుడగలకు గ్యాసు నింపేవాడి దగ్గర సిలిండరు అద్దెకు తెచ్చాం. మామిడిపండు రంగు యుద్ధ ఓడ ఉబ్బి తయారయింది. రోబోల దగ్గర ఉన్న జనమంతా మా వైపు వచ్చారు. మేడములు అంచు పట్టుకుని చూసి, ఇది ఏ షాపులో దొరుకుతుందని అడిగారు. సారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు తగ్గించి అన్నారు. "ఏమప్పా, ఇది యుద్ధానికి పోతాండాదా, పెళ్ళికి పోతాండాదా?"

ఎక్కడికీ పోవడం లేదని అప్పటికే తేలిపోయింది. ముక్కు కొంచెం లేస్తోంది, తోక నేలను ఊడుస్తోంది. వోల్టేజి మోటారు వేశాడు. ఓడ, కడుపు నిండా తిన్న గేదెలాగా, ఒక పక్కకు ఒరిగి ఆగింది. ఎవరో నవ్వారు. నేను నవ్వినవాళ్ళను కాక నాయనను చూస్తున్నాను. ఆయన చేతి పని నలుగురిలో నేల మీద పడి ఉంది. ఈ దెబ్బతో మళ్ళీ దుప్పటి కప్పేస్తాడేమోనని నా భయం.

"గ్యాసు తక్కువైంది నాయనా," అన్నాను.

నాయన వంగి తోకను అరచేతిలో పెట్టుకుని, షావుకారుకు చీర ఇచ్చేముందు చూసుకున్నట్టు, ఒకసారి ఎత్తి చూశాడు. "గ్యాసు కాదులే. కొంగు బరువు. కత్తెర యాడుండాది?"

"కోయద్దు నాయనా. కొంగు లేకుంటే అది చీరే కాదు."

"చీర అని ఎవురు చెప్పిరి? రష్యా వాళ్ళది కదా ఇది." కత్తెర తీసుకున్నాడు. నా మొహం చూసి కాస్త జాలి కలిగిందేమో, "కోసేది నువ్వు నేసిందేలే," అన్నాడు. ఏడాది తరువాత నాయన వేసిన మొదటి జోకు అది. దానికి నేను నవ్వలేకపోయాను.

కొంగు తెగి ఆయన చేతిలోకి వచ్చింది. మిగిలింది అమ్మా ఆయనా కలిసి నేసినది. ఓడ నేలను వదిలింది. మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు. నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. తాడు పట్టుకోవలసిన వోల్టేజి కూడా రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. దాంతో అది తిన్నగా హాలు కప్పుకు వెళ్ళి రెండు ఫ్యాన్ల మధ్య ఆనుకుని నిలబడింది. (ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. ఆ రోజు దేవుడు చేసిన మేలు అదొక్కటే.) అందుకోవడానికి నిచ్చెన చాలలేదు. గ్యాసు తగ్గి అదే దిగాలి. మాకు ప్రోత్సాహక బహుమతిగా ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. జనం వెళ్ళిపోయారు. నాయన దాని కింద కుర్చీ వేసుకుని, తల వెనక్కి వాల్చి, పైన వరసగా పోతున్న హంసలను చూస్తూ కూర్చున్నాడు. సారు వచ్చి పక్కన ఇంకో కుర్చీ వేసుకుని ఆయన కూడా పైకి చూశారు. పొద్దు వాలే వేళకు అది మెల్లగా దిగింది. నాయన లేచి రెండు చేతులతో అందుకున్నాడు.

తిరుగు రైల్లో నేను మంచి ఊపు మీద ఉన్నాను. తరువాతి చీర ఏ రంగు వేద్దాం, నాడె విసరడం నేను బాగా నేర్చుకుంటాను, ఆదివారాలు ఎక్కడికీ పోను అంటూ చెప్పుకుపోతున్నాను. నాయన ఒళ్ళో మడిచిన చీర, దాని మీద కొంగు. పెనుకొండలో రైలు ఆగినప్పుడు అన్నాడు. "రేపు మీ మామకు చెప్పల్ల. ఒకటో తారీఖు నుంచి వస్తానని."

"మళ్ళా మగ్గంలో కూచుంటివి కదా నాయనా."

"కూచోకుండా లేసేది ఎట్లరా?" అన్నాడు. కిటికీ బయట చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. "పడుగు మీద సగం చీర పెట్టుకొని మగ్గం ఇప్పకూడదు. దాన్ని ఎవురూ కట్టరు, నేను కోసి పారేయలేను. మీ అమ్మ చెయ్యి పడినేది. ఎట్లా ముగించల్లో తెలీక ఏడాది ఆడనే ఉంటి. నీ రష్యా వాళ్ళు వచ్చిరి, అయిపాయ."

రైలు కదిలింది. ఇంటికి వెళ్ళాక అవ్వకు సంగతి చెప్పే పని నా మీదే పడింది. ఆమె విని, ఆ రోజు కొంచెం తొందరగా పడుకుంది.

అప్పటి నన్ను, ఆ ఇంజనీరు కుర్రాణ్ణి, తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. తండ్రిని మగ్గంలో కూర్చోబెడుతున్నానని మురిసిపోతూ, ఆయన అందులోంచి లేవడానికి చెయ్యి అందించాడు. సప్లీలన్నీ కట్టి, చివరికి వాడు ఉద్యోగం సంపాదించింది కూడా ఎర్రమంచిలో అదే సామాన్ల కంపెనీలో. పొద్దున్నే గేటు దగ్గర నాయన యూనిఫారంలో నిలబడి అందరినీ తనిఖీ చేసినట్టే నన్నూ చేస్తాడు. కొడుకని వదలడు. బ్యాగులో మాత్రం ఎప్పుడూ చూడడు, చూసేది బట్టలే. కిందటివారం కొత్త చొక్కా వేసుకుని వెళితే, వెనక క్యూ పెరిగిపోతున్నా, చేతి అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు నలిపి చూశాడు.

"అంగట్లో పట్టు అని చెప్పినాడా?" అన్నాడు. "పాలిస్టరు కలిపిండాడు. పో, లోపలికి పో."