కొడవలి బొమ్మ ఖరీదు

పోయిన చలికాలంలో మా బడికి పుస్తకాల బీరువా ఒకటి కావాల్సి వచ్చి, నిజామాబాద్‌లో పాత సామాను అమ్మే దుకాణానికి వెళ్లాను. కూలగొట్టిన ఇళ్ల నుంచి దర్వాజాలు, కిటికీలు, పందిరి మంచాలు తెచ్చి అమ్ముతారక్కడ. యజమాని అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి. నేను వెళ్లేసరికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకతనికి చెక్కబొమ్మను చూపిస్తున్నాడు. అతను హోటళ్లకు అలంకరణ సామాను కొనిపెట్టేవాడట.

బొమ్మ మూరెడు ఎత్తు ఉంటుంది. గోచీకట్టు చీరలో కూర్చున్న ఆడమనిషి, మోకాలి మీద కొడవలి. దేగ్లూరు వైపు ఒక దొరగారి గడీలో దొరికిందనీ, ఊరి దేవత అనీ, కొడవలి ఆమె ఆయుధమనీ, నూరేళ్ల కిందటి పని అనీ దుకాణాయన చెబుతున్నాడు. ఇరుగుడు చెక్క కాబట్టే అంత నలుపట. హైదరాబాద్ అతను బొమ్మను బోర్లించి, అడుగున తాళంచెవితో గీకాడు. నల్లరంగు కింద పసుపుపచ్చని చెక్క బయటపడింది. వాసన చూసి టేకు అన్నాడు. టేకయినా సరే, ఆ చీర కుచ్చిళ్లు చెక్కిన చేయి మామూలుది కాదని మెచ్చుకున్నాడు.

నేను చూసింది ఆ గీకిన చోటును. చెక్క పొరలు పొరలుగా ఉంది.

మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వడ్రంగి. ఇనుముతో పోతపోసే ప్రతి చక్రానికీ ముందు చెక్కతో అచ్చు చేయడం ఆయన పని. ఆ అచ్చును ఇసుకలో అద్ది, పడిన గుంటలో కరిగిన ఇనుము పోసేవారు. అచ్చు వంగితే చక్రం పాడు. అందుకని పలచని పలకలను, ఒకదాని గీతలు నిలువుగా ఉంటే దాని మీది దానివి అడ్డంగా వచ్చేలా, సరేసు బంకతో అతికించి అప్పుడు చెక్కేవాడు. దేవుళ్లను చెక్కేవాళ్లు ఒకే దుంగలోంచి చెక్కుతారు. బొమ్మను కూడా పొరలతో కట్టింది, నాకు తెలిసి, మా బాపు ఒక్కడే.

బొమ్మను చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాను. ఎడమ చెవి వెనక ఉలి జారిన గాటు ఉంది. ఆ గాటు పడ్డప్పుడు నేను పక్కనే కూర్చుని పొట్టు ఏరుతున్నాను. ఆ రోజంతా బాపు అన్నం తినలేదు.

ఇది మా బాపు చేసింది, నూరేళ్లది కాదు, నేను పుట్టాకే చేశాడు అని ఇద్దరికీ చెప్పాను. చెబితే వాళ్లు బొమ్మను ఇంకా గౌరవంగా చూస్తారనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

హైదరాబాద్ అతను మర్యాదగానే అడిగాడు. మీ నాన్నగారి పేరేమిటి, ఎక్కడైనా ప్రదర్శనలో పెట్టారా, అవార్డులేమైనా వచ్చాయా. ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో తప్ప ఆయన పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు. అదే చెప్పాను.

"గడీలోదైతే ఒక లెక్క మేడమ్. ఎవరో వడ్రంగి ఖాళీగా ఉన్నప్పుడు చేసిందంటే షోపీస్ కిందికే వస్తుంది" అన్నాడు. అంతకుముందు అనుకున్న ధరలో నాలుగో వంతు ఇస్తానన్నాడు. దుకాణాయన తల అడ్డంగా ఊపాడు. అతను ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ నాలుగో వంతుకు నేను తీసుకుంటానన్నాను. దుకాణాయన మొదటి ధరే చెప్పాడు. నాకది రెండు నెలల జీతం. ఇప్పుడే కదా అంత చేయదని తేలింది అన్నాను.

"ఆయనకు అది బొమ్మ అక్కా. మీకు బాపు. మీకు తక్కువకెట్ల ఇస్త?"

గొంతు పెంచలేదు, వెటకారమూ లేదు. బేరం చెడగొట్టినందుకు కోపం కూడా పెద్దగా కనిపించలేదు. వారం గడువిచ్చాడు. నేనూ ఒక ఫొటో తీసుకుని వచ్చేశాను.

ఫ్యాక్టరీ మూతపడి, ఆ వెంటే బాపు పోయి ఇల్లు గడవడం కష్టమైన రోజుల్లో ఆ బొమ్మ ఇంట్లోంచి మాయమైంది. తమ్ముడే అమ్ముకున్నాడని నేను తీర్మానించేశాను. అప్పుడు వాడికి తాగుడు కొత్త. చుట్టాలందరి ముందు దొంగ అన్నాను. అప్పటి నుంచి పెళ్లిళ్లలో ఎదురుపడితే పలకరించుకోవడమే తప్ప మా మధ్య మాటల్లేవు.

ఆదివారం బోధన్‌లో అమ్మ దగ్గరికి వెళ్లాను. మేం ఆమెను అవ్వ అనే పిలుస్తాం. అవ్వ అన్నం పెట్టింది. తింటూ ఫోన్‌లో ఫొటో చూపించి, వాడు అమ్మిన బొమ్మ దొరికిందని చెప్పాను. అవ్వ చాలాసేపు చూసి ఫోన్ బోర్లించి పెట్టింది.

"వాడు అమ్మలే. నేనే ఇచ్చిన. పాత సామాను కొనేటోడు వస్తే రెండు గంజులు ఇచ్చిండు. ఇగో, గీ అన్నం అండ్ల వండిందే."

ఎందుకిచ్చావని అడిగాను.

"ఆమె ఎవరో నీకెర్కనా? చెరుకు కొట్టనీకి నాందేడ్ దిక్కు నుంచి వచ్చింది. ఒక్క ఏడాదే వచ్చింది, మళ్ల రాలే. మీ బాపు ఐదేండ్లు చెక్కిండు ఆమెను. నాకొక్క రొట్టెల పీట చెయ్యమంటె చేతులు నొస్తున్నయనేటోడు."

వాళ్ల మధ్య ఏమైనా ఉండేదా అని, అడగలేక అడిగాను.

"ఉంటె కొట్లాడుదును. ఏం లేకపాయె. ఎవలతోని కొట్లాడాలె?"

చిన్నప్పుడు ఆ పొట్టు ఏరుతూ బాపు దేవతను చేస్తున్నాడని మురిసిపోయేదాన్ని. అదే అరుగు మీద, రెండడుగుల దూరంలో, అవ్వ బీడీలు చుడుతూ ఉండేది. ఆమె ముఖం ఎలా ఉండేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. బొమ్మ ముఖంలో ముడత ముడతా గుర్తుంది.

వారం తిరిగాక దుకాణానికి వెళ్లాను. కొనాలనో వద్దనో తేల్చుకోకుండానే వెళ్లాను. బొమ్మ లేదు. హైదరాబాద్ అతను ఫోన్ చేసి సగం ధరకు తీసుకుపోయాడట. అడుగున పొరలు కనిపించకుండా ఇత్తడి రేకు కొట్టించమని కూడా అతనే చెప్పాడట. మళ్లీ గడీదనే చెప్పారా అని అడిగాను.

"నేనేం చెప్పలే అక్కా. హోటలోళ్లకు ఆయనే అట్ల చెప్పుకుంటడట" అన్నాడు దుకాణాయన.

ఆ బొమ్మ ఇక మా ఇంటికి రాదని నా గుండె తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గేసింది.

బయటికొచ్చి, ఇప్పుడు ఆటో నడుపుకుంటున్న తమ్ముడికి ఫోన్ చేశాను. అవ్వ చెప్పిందంతా చెప్పి, తప్పయింది, మాఫ్ చెయ్యి అన్నాను.

"నాకెర్కే అక్క. నన్ను దొంగ అన్న నాడు అవ్వ తల దించుకొని గక్కడనే కూసుంది గద" అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే బాపు సంగతి కూడా నలుగురిలో చెప్పాల్సి వచ్చేదన్నాడు. ఆటోలో సవారీ ఎక్కారని ఫోన్ పెట్టేశాడు. పోనీలే అని మాత్రం అనలేదు.